తెల్ల ఎలుకకు ఎంత ఇల్లు కావలెను?

చిలుకకు పంజరము, పావురమునకు గూడు, కోడికి గంప, ఆవునకు కొట్టము గలవు. ఎలుకకు మాత్రము మన వాడుకలో ఒక్కటే పెట్టె గలదు, అది బోను. గాదెలోని ధాన్యమును, బీరువాలోని పుస్తకములను పాడుచేయు ఎలుకను పట్టుటకే మన పెద్దలు ఆ పెట్టెను చేయించిరి. దానిలో ఎలుక ఉండునది ఒక్క రాత్రి. కావున బోను ఎంత ఇరుకైనను దానిని తప్పుపట్టువారు లేరు.

నేడు సంగతి మారినది. బెంగుళూరు నగరమున పెంపుడు జంతువుల నమ్ము అంగళ్లలో కుందేళ్లతోను, రంగు చేపలతోను పాటు తెల్ల ఎలుకలు గూడ కనబడుచున్నవి. వానిని చూచిన బాలబాలికలు ముచ్చటపడి తల్లిదండ్రులను అడుగుట సహజము. తల్లిదండ్రులు ఒప్పుకొన్నచో ఎలుకతోపాటు ఒక చిన్న తీగల పెట్టె గూడ ఇంటికి వచ్చును. ఎలుక జానెడు, పెట్టె మూరెడు. ఇంకేమి కావలెనని అందరును అనుకొందురు.

కాని ఆ పెట్టెలో ఆ ప్రాణి ఉండునది ఒక్క రాత్రి కాదు; రెండు మూడేండ్లు, అనగా దాని జీవితమంతయు. బోనునకు చాలిన కొలత ఇంటికి చాలునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము. సూత్రమును ముందే చెప్పుదుము: ఎలుక ఒడలిని కొలిచి దానికి ఇల్లు కట్టరాదు, అది దినమున చేయు పనులను కొలిచి కట్టవలెను. తక్కినదంతయు ఈ సూత్రమునకు వ్యాఖ్యానమే.

ఈ ఎలుక యేది?

మనకు ఎలుక, కన్నడిగులకు ఇలి, తమిళులకు ఎలి. ఈ మూడు మాటలును ఒక తల్లి బిడ్డలు. చిన్న జాతిని చుంచెలుక యనియు చిట్టెలుక యనియు అందుము. పెద్ద జాతిని పందికొక్కు అందుము. ఈ పందికొక్కు అను తెలుగు మాటయే ఆంగ్లభాషలోనికి పోయి 'బాండికూట్' అయినది. తరువాత ఆస్ట్రేలియాలో ఎలుకజాతికి చెందని వేరొక జంతువునకు గూడ తెల్లవారు ఆ పేరే పెట్టిరి. మన పొలముగట్ల మాట అంతదూరము ప్రయాణము చేసినది!

అంగళ్లలో దొరకు తెల్ల ఎలుక మన ఇండ్లలో తిరుగు నల్ల ఎలుక కాదు. దాని శాస్త్రనామము 'రాటస్ నార్వెజికస్'. పేరులో నార్వే యున్నను దాని పుట్టినిల్లు ఆసియాఖండపు ఉత్తరభాగమేయని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో విక్టోరియారాణి కాలమునాటి జాక్ బ్లాక్ అను ఎలుకలు పట్టువాడు, వింత రంగులతో పుట్టిన ఎలుకలను చంపక పెంచి అమ్మెడివాడు. 1901లో అదే దేశమున ఐల్స్‌బరీ పట్టణపు ప్రదర్శనలో పెంపుడు ఎలుకలకు మొదటిసారిగా ప్రత్యేకమైన పోటీ జరిగినది. మేరీ డగ్లస్ అను మహిళ ఇందులకు కారకురాలు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు విస్టార్ సంస్థవారు 1906 ప్రాంతమునుండి తెల్ల ఎలుకలను శాస్త్రపరిశోధనకై ప్రత్యేకముగా పెంచిరి. నూరేండ్లకు పైగా మనుష్యుల చేతులలో పెరిగిన వంశమగుటచే ఈ ఎలుక సాధువు. పేరుపెట్టి పిలిచిన వచ్చును, భుజమున కూర్చుండును.

తెలుగువారికి ఈ తెల్ల ఎలుకతో వేరొక సంబంధము గూడ కలదు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు నీలగిరులలోని కూనూరునందు ఒక్క గదిలో పోషకాహార పరిశోధన ప్రారంభించెను. ఆయన మనదేశమున వేర్వేరు ప్రాంతములవారు తిను భోజనములను వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టి చూచెను. గోధుమ రొట్టె, పాలు, కూరగాయలు తిన్నవి బలిసినవి. మరపట్టిన బియ్యమే ప్రధానముగా తిన్నవి చిక్కినవి. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు మారి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరుతో తార్నాకలో పనిచేయుచున్నది. మన పళ్లెములో ఏమి యుండవలెనో నేర్పినవారిలో ఈ మూగప్రాణి యొకటి.

తల్లిదండ్రుల భయము

ఎలుక యనగానే పెద్దలు జంకుటకు కారణము గలదు. 1898లో బెంగుళూరున ప్లేగు వ్యాపించి వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. ఇరుకైన పేటలను విడిచి జనులు బసవనగుడి, మల్లేశ్వరము వంటి క్రొత్త బస్తీలకు తరలిరి. అదే సంవత్సరమున కరాచీలో పరిశోధన చేయుచుండిన పాల్ లూయీ సీమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు, ప్లేగును ఎలుకనుండి మనుష్యునకు చేర్చునది ఎలుకమీది గోమారివంటి చిన్న పురుగేయని కనిపెట్టెను. ఆ కాలపు భయము మన కుటుంబముల జ్ఞాపకమున నేటికిని మిగిలియున్నది.

ఆ భయములో సగము న్యాయమైనది. వీధి ఎలుకను, కలుగులోని ఎలుకపిల్లను పట్టితెచ్చి పెంచుట ఎన్నడును కూడదు. దాని మూత్రమువలన 'ఎలుక జ్వరము' అను లెప్టోస్పైరోసిస్ వచ్చుటకు అవకాశము గలదు. పరిశుభ్రముగా పెంచిన తెల్ల ఎలుకవలన అపాయము చాల తక్కువ; అయినను బొత్తిగా లేదనరాదు. ముట్టుకొనుటకు ముందును తరువాతను చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. దానిని ముద్దిడుకొనరాదు. కరచినచో గాయమును కడిగి వైద్యునకు చూపవలెను. ఇంటి ఎలుకలు పంజరమువద్దకు రాకుండునట్లు దానిని ఎత్తయిన బల్లమీద నుంచి, రాలిన గింజలను ప్రతిరాత్రియు ఊడ్చివేయవలెను.

ఎలుక దినచర్య

నీతిచంద్రిక చదివిన విద్యార్థులకు హిరణ్యకుడు పరిచితుడే. మిత్రలాభకథలలో ఆ ఎలుకరాజు కలుగునకు నూరు వాకిళ్లని ప్రసిద్ధి. కథ చెప్పినవారు ఎలుకను చక్కగా పరిశీలించినవారే. ఎలుకకు ఇల్లనగా మొదట దాగుచోటు, పిదప తప్పించుకొను దారి. దాగుచోటు లేని ఎలుక తిండి యెంత పెట్టినను బెదరుచునే యుండును.

పెంపుడు ఎలుక పగలు నిద్రించి సంధ్యవేళ మేల్కొనును. మొదట మేను సాచి, ముందుకాళ్లతో ముఖము తుడుచుకొనును. పిదప వెనుకకాళ్లపై నిటారుగ నిలిచి గాలిని వాసన చూచును. ఎక్కును, దిగును, త్రవ్వును, కొరుకును. దొరకిన గింజను వెంటనే తినక ఒక మూలకు చేర్చి దాచును. కాగితమును చీల్చి పక్క పరచుకొనును. దాని ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండుటచే కొరుకుట దానికి ఆట గాదు, అవసరము.

అన్నిటికంటె ముఖ్యమైనది తోడు. ఎలుకలు గుంపుగ నుండు ప్రాణులు. ఒకదాని వెండ్రుకలను మరొకటి దువ్వును. ఒకదానిపై నొకటి పడి నిద్రించును. మన చెవికి వినబడని సన్నని స్వరముతో మాటలాడుకొనును. ఒంటరి ఎలుకకు మనము ఎంత ముద్దు చేసినను, మనము నిద్రించు రాత్రియంతయు అది యొంటరిదే. కావున పెంచదలచినచో కనీసము రెండు పెంచవలెను. ఆ రెండును ఒకే లింగమునకు చెందినవై యుండవలెను. ఆడదియు మగదియు కలిసినచో 21 మొదలు 23 దినములలో ఎనిమిది, పది, పన్నెండు పిల్లలు పుట్టవచ్చును. ఆ పిల్లలు గూడ ఐదు వారములకే ఈడునకు వచ్చును. రెండింటికని కట్టిన ఇల్లు నెల తిరుగకుండ సత్రమగును.

ప్రయోగములు చెప్పు మాట

ప్రయోగశాలలలో ఎలుకకు ఎంత చోటీయవలెనో మనదేశమున నిర్ణయము గలదు. జంతువులపై జరుగు ప్రయోగములను పర్యవేక్షించు కేంద్రప్రభుత్వ సంఘము ప్రకటించిన నియమావళి ననుసరించి, 300 గ్రాముల వరకు తూగు ఎలుకకు 187 చదరపు సెంటీమీటర్లు, 500 గ్రాములకు మించినదానికి 451.5 చదరపు సెంటీమీటర్లు నేల యుండవలెను, ఎత్తు 17.8 సెంటీమీటర్లు. మనము వ్రాసికొను ఏ-4 కాగితము వైశాల్యము 623 చదరపు సెంటీమీటర్లకు పైన. అనగా బాగుగ ఎదిగిన ఎలుకకు ఆ కాగితములో మూడు పాళ్లు గూడ నిండలేదు. నిలువున నిలిచిన పెద్ద ఎలుక తల ఆ కప్పునకు తగులును.

ఇది ప్రయోగశాలలకు విధించిన కనిష్ఠ పరిమితి. అంతకు తగ్గరాదని దీని యర్థము; అంత చాలునని గాదు. ఈ తేడాను తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులే చేసిన మూడు పరిశోధనలను చూడుడు.

కెనడాలో మాంట్రియల్ నగరపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ హెబ్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడుండెను. ఆయన కొన్ని ఎలుకపిల్లలను ఇంటికి తీసికొనిపోయి తన బిడ్డలచేత పెంపించెను. అవి ఇల్లంతయు తిరుగుచు పెరిగినవి. పెద్దవైన తరువాత వానిని చిక్కుదారుల పరీక్షలకు తెచ్చినప్పుడు, ప్రయోగశాల పెట్టెలలో పెరిగినవానికంటె ఇవి ఎక్కువ తెలివి చూపినవి. 1947లో ఆయన ఈ సంగతిని ప్రకటించెను. బిడ్డల ముచ్చట శాస్త్రమునకు దారి చూపిన సందర్భమిది.

ఆ దారినే 1960 తరువాత అమెరికాలో బర్కిలీ నగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మార్క్ రోజెన్‌వైగ్, ఎడ్వర్డ్ బెన్నెట్, మేరియన్ డైమండ్ మొదలగువారు నడచిరి. కొన్ని ఎలుకలను చిన్న పెట్టెలలో ఒంటరిగ నుంచిరి. కొన్నిటిని పెద్ద పంజరమున గుంపుగ నుంచి, నిచ్చెనలు, చక్రములు, క్రొత్త క్రొత్త వస్తువులు మార్చి మార్చి పెట్టిరి. తిండి, నీరు అన్నిటికిని సమానమే. కొన్ని వారములైన పిదప పరీక్షింపగా రెండవ గుంపు ఎలుకల మెదడు పైపొర మందముగను బరువుగను ఉండెను. 1964లో ఈ ఫలితములు వెలువడినవి. మెదడు గూడ వ్యాయామమువలన పెరుగునని నాటికి చాలమంది నమ్మలేదు.

2016లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమువారు, త్రవ్వుటకు మట్టియు ఎక్కుటకు అంతస్తులును గల విశాలమైన ఆవరణమున ఎలుకల నుంచి చూచిరి. అవి ప్రతిదినము త్రవ్వినవి, ఎక్కినవి, నిటారుగ నిలిచినవి. వయస్సు ముదిరినకొలది ఎక్కుట తగ్గినది గాని త్రవ్వుట తగ్గలేదు. సాధారణపు పెట్టెలలోని ఎలుకలు మాత్రము మాటిమాటికి ఒడలు సాచుచుండెను. నిలువబడుటకు వీలులేక పట్టేసిన కీళ్లను సడలించుకొనుటయే యిది కావచ్చునని వారి యూహ. మూడు గంటలు కదలక కూర్చున్న విద్యార్థి బల్లవద్దనుండి లేచి ఒడలు విరుచుకొనుట మన మెరుగుదుము గదా!

గణితము

ఇక కొలతలకు వత్తము. ఎలుకలను పెంచుటలో అనుభవము గలవారు విదేశములలో ఒక లెక్కను వాడుదురు: ఒక్కొక్క ఎలుకకు 2 నుండి 2½ ఘనపుటడుగుల చోటు. ఇది శాసనము గాదు. అనుభవమున కుదిరిన కొలత. మనము ఉదారముగ రెండున్నర తీసికొందము. ఒక ఘనపుటడుగు 28,317 ఘన సెంటీమీటర్లు. కావున రెండున్నర ఘనపుటడుగులనగా సుమారు 70,000 ఘన సెంటీమీటర్లు. పంజరము పొడవును, వెడల్పును, ఎత్తును సెంటీమీటర్లలో కొలిచి గుణించి, వచ్చిన మొత్తమును 70,000 చేత భాగించినచో ఎన్ని ఎలుకలకు చాలునో తేలును.

మొదటి లెక్క: 45 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు గల చిన్న పంజరము. ఘనపరిమాణము 40,500. భాగఫలము 0.58. అనగా ఒక్క ఎలుకకును చాలదు.

రెండవ లెక్క: 75 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. ఎత్తు. ఘనపరిమాణము 2,02,500. భాగఫలము 2.89. దీనిని మూడు అని సవరింపరాదు. తొమ్మిది పాళ్ల ఎలుక యుండదు గదా! భిన్నమును ఎప్పుడును వదలివేయవలెను. ఈ పంజరము రెండు ఎలుకలకు చాలును.

మూడవ లెక్క: 90 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. ఎత్తు. ఘనపరిమాణము 3,24,000. భాగఫలము 4.63. నాలుగు ఎలుకలు సుఖముగ నుండును.

ఇక్కడ ఒక చిక్కు గలదు. 30 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 225 సెం.మీ. ఎత్తు గల పంజరము ఘనపరిమాణము గూడ సరిగ 2,02,500. లెక్క ప్రకారము ఇదియు రెండింటికి చాలవలెను. కాని ఇది ఇల్లు గాదు, బావి. పరుగెత్తుటకు నేల లేదు. పడినచో కాలు విరుగును. రెండవ లెక్కలోని పంజరమునకు నేల వైశాల్యము 3,375 చదరపు సెంటీమీటర్లు. దీనికి 900 మాత్రమే. కావున ఘనపరిమాణముతోపాటు నేలను గూడ చూడవలెను. రెండు ఎలుకలకు 75 సెం.మీ. పొడవును 45 సెం.మీ. వెడల్పును గల నేలకు తగ్గరాదు.

ఉన్న చోటును పెంచుటకు ఒక ఉపాయము మన ఇండ్లలోనే గలదు. అది అటక. వంటయింటి పైభాగమున సగము గదికి అటక వేసి సామాను పెట్టుకొనునట్లు, పంజరమున సగము నేలకు సరిపడు అటక నొకటి అమర్చినచో మరి 1,687 చదరపు సెంటీమీటర్ల నేల దొరకును. అటక నేలకు 30 సెం.మీ. కంటె ఎత్తున నుండరాదు. ఎక్కుటకు ఏటవాలు పలక యుండవలెను.

అంగడిలో చూచిన ఎలుక పిల్ల యని గుర్తుంచుకొనవలెను. ఆరు నెలలు తిరుగునప్పటికి ఆడది 250 మొదలు 350 గ్రాములు, మగది 450 గ్రాములు, ఒక్కొకప్పుడు అంతకు మించియు తూగును. తోకతో కలిపి మూరెడు పొడవునకు దగ్గర పడును. పెరుగు బిడ్డకు చొక్కా కుట్టించునప్పుడు నాలుగంగుళములు వదలి కుట్టింతుము. పంజరమునకును అదే నీతి.

తీగ, నేల, వాకిలి

కొలత కుదిరిన తరువాత కట్టుబడి చూడవలెను. ఎలుక తల దూరిన సందులో ఒడలంతయు దూరును. కావున తీగల నడుమ సందు, పిల్లలకు అర అంగుళమునకును, పెద్దవానికి ముప్పాతిక అంగుళమునకును మించరాదు. కోళ్లదొడ్లకు కట్టు పలుచని వలను ఎలుక కొరికివేయును. జింకుపూత పూసిన తీగకు మూత్రపు వాసన పట్టి వదలదు. పైన గట్టి రంగుపూత గల ఇనుపతీగ మేలు. కావలసిన కొలతలో దొరకనిచో వీధిలోని వెల్డింగు పనివారికి కొలతలు వ్రాసియిచ్చి చేయించుకొనవచ్చును. వాకిలి రెండు చేతులును పట్టునంత పెద్దదై, గడియ బిగువైనదై యుండవలెను. చేయి దూరని పంజరమును ఎవ్వరును శుభ్రము చేయరు.

నేల తీగలతో నుండరాదు. తీగలపై నడచిన ఎలుకకు అరికాళ్లు పుండ్లుపడును. గట్టి పళ్లెము పరచి దానిపై చీల్చిన కాగితములు లేక పాత నూలుగుడ్డ ముక్కలు వేయవలెను. దేవదారు మొదలగు వాసనకర్రల పొట్టు, దుమ్ము రేగు రంపపుపొట్టు వాని ఊపిరితిత్తులకు మంచివి కావు. చేపలతొట్టిలో ఎలుకలను పెంచుట చూచుచున్నాము, అదియు తగదు. గాలి యాడని అద్దపుతొట్టిలో మూత్రమునుండి పుట్టిన అమ్మోనియా నిలిచిపోయి శ్వాసరోగము తెచ్చును. మూత్రపు మూలను ప్రతిదినము తుడిచి, పరపును వారమునకు ఒకటి రెండుసార్లు మార్చవలెను.

లోపలి సామగ్రికి డబ్బు వెచ్చించనక్కరలేదు. పక్కకు వాల్చిన మట్టికుండ చక్కని కలుగు. దానిలో వేసవియందు చల్లగ నుండును. ఎండిన కొబ్బరిచిప్ప కొరుకుటకు పనికివచ్చును. పాత తువాలును నాలుగు కొసల కట్టి వ్రేలాడదీసినచో ఊయల; మెత్తని మట్టి నింపిన బాన యొకటి పెట్టినచో త్రవ్వుటకు పొలము. దాగుచోట్లు ఎలుకల సంఖ్యకంటె ఒకటి ఎక్కువ యుండుట మేలు. అప్పుడు కలహము తగ్గును. వారమున కొకసారి వస్తువుల తావులు మార్చినచో పాత ఇల్లే వానికి క్రొత్త ఊరగును.

పంజరమెంత పెద్దదైనను, ప్రతిదినము ఒక గంటయైనను వానిని బయటికి వదలి కనిపెట్టియుండవలెను. అప్పుడు తలుపులు మూసి, విద్యుత్ తీగలను ఎత్తి కట్టుట మరువరాదు.

ఎండలు, సెలవులు

సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైన నున్న బెంగుళూరు గాలి ఎలుకలకు చాలవరకు అనుకూలమే. ఎలుకకు మనవలె చెమట పట్టదు. ఒంటి వేడిని అది తోకద్వారా పోగొట్టుకొనును. 30 డిగ్రీలు దాటినచో దానికి బాధ కలుగును. ఏప్రిల్, మే నెలలలో ఇక్కడ గూడ ఎండ ముదురును. 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదైనది. కావున పంజరమును ఎండ పడు కిటికీవద్దను, రేకుల కప్పు క్రిందను ఉంచరాదు. తెల్ల ఎలుకల ఎర్రని కన్నులు వెలుతురును ఓర్వలేవు. నీడపట్టున నుంచుటయే మేలు. దీపావళినాడు టపాకాయల చప్పుడు వినబడని లోగదిలో పెట్టవలెను.

మన కుటుంబములు వేసవి సెలవులకు అనంతపురము, చిత్తూరు, కర్నూలు జిల్లాలలోని స్వగ్రామములకు పోవుట వాడుక. అక్కడి ఎండ ఎలుకకు ప్రాణాంతకము కావచ్చును. దానిని వెంట తీసికొనిపోరాదు. ఆ నెలదినములు దానికి దినమునకు రెండుపూటల మేతనీళ్లు చూచువారెవరు? ఈ ప్రశ్నకు జవాబు సెలవుల ముందు గాదు, ఎలుకను కొనకముందే కావలెను.

చట్టము, ధర్మము

పంజరపు కొలత మన దయాదాక్షిణ్యములకు మాత్రమే వదలిన విషయము గాదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమున 11వ సెక్షను, ఏ జంతువునైనను తగినంత కదలుటకు వీలులేని ఎత్తు, పొడవు, వెడల్పులు గల పంజరమున నిర్బంధించుట నేరమని చెప్పుచున్నది. రాజ్యసభ సభ్యురాలిగ నుండిన నాట్యకళాకోవిదురాలు రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఈ చట్టమునకు మూలము. ఆమె 1962లో జంతు సంక్షేమ మండలికి తొలి యధ్యక్షురాలైనది. చట్టములోని మాటను గమనింపుడు: అది సెంటీమీటర్లు చెప్పలేదు; కదలికను చెప్పినది. మనము ఆరంభమున చెప్పిన సూత్రమును శాసనకర్తలు అప్పుడే యెరిగియుండిరి.

2018లో వచ్చిన నియమముల ప్రకారము పెంపుడు జంతువుల నమ్ము అంగడివారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలివద్ద నమోదు చేయించుకొనవలెను. కొనువారు ఆ పత్రమును చూపుమని యడుగవచ్చును. రామచిలుకవంటి మనదేశపు అడవిపక్షులను మాత్రము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి పంజరమున పెంచుటయే నేరమని విద్యార్థులు ఎరుగవలెను.

విద్యార్థులారా! కొలతలు తెలిసినవి. ఇప్పుడు ఒక టేపు తీసికొని ముందు మీ ఇంటిని కొలువుడు. 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల బల్ల శాశ్వతముగ ఉండుటకు చోటున్నదా? అద్దె యింటివారైనచో యజమాని సమ్మతించునా? ప్రతిదినము పావుగంట శుభ్రము చేయుటకు, గంటసేపు ఆడించుటకు తీరిక గలదా? అది జబ్బుపడినచో చూపుటకు ఎలుకలకు వైద్యము తెలిసిన పశువైద్యుని జాడ ఎరుగుదురా? ఎనిమిదవ తరగతిలో తెచ్చిన ఎలుకపిల్ల మీ ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలనాటికి ముసలిదగును. పరీక్షల యలసటలోను దాని మూలను తుడువగలరా?

ఈ ప్రశ్నలన్నిటికి అవునని చెప్పగలిగినవారు రెండు ఎలుకలకు తగిన ఇల్లు ముందు సిద్ధము చేసి, పిదప ఎలుకలను తెచ్చుకొనుడు. కొనునప్పుడు వరుస ఇదియే: మొదట చోటు, తరువాత పంజరము, చివర ఎలుక. ఏ ఒక్క ప్రశ్నకైనను కాదని తోచినచో, చిన్న ఇంటి బిడ్డలు సిగ్గుపడవలసిన పని లేదు. చోటు లేదు గనుక తేనని చెప్పు బాలుడును ఆ ప్రాణికి మేలుచేసినవాడే. తల్లిదండ్రులు గూడ 'వద్దు' అనుటకు బదులు బిడ్డతో కూర్చుండి ఈ లెక్కను చేయవలెను. కోపముతో చెప్పిన వద్దు మరునాటికి మరచిపోవును. టేపు పట్టి తానే కొలిచి తెలిసికొన్న వద్దు బిడ్డకు జీవితాంతము జ్ఞాపకముండును.